ముక్కు పక్కన మానని పుండు, మెరిసే అంచు: కాల్చే ముందు పరీక్షకు ముక్క తీయండి

ఉపకేంద్రం_దేవరకొండ | 1

30 ఏండ్లు దాటినోళ్ళ సర్వేల మేం అడిగే కేన్సర్లు మూడే: నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం. ముఖం మీది పుండు గురించి ఎవ్వరడగరు. ముసలోళ్ళకు ముక్కు పక్కన, కంటి కొసకు నల్లగ మెరిసే చిన్న గడ్డ ఉంటది, నడుమ పక్కు. పక్కు ఊడితే నెత్తురు చుక్క, వారానికి మళ్ల పక్కు. "ఉలిపిరికాయ, ఏండ్ల సంది ఉన్నది, ఏం కాదు" అంటరు. లేకుంటే ఆర్‌ఎంపీ దగ్గర మిషన్‌తోని కాల్పిచ్చుకుంటరు. ఇండ్ల ఏది బేసల్ సెల్ కార్సినోమా (నిదానంగ పెరిగే చర్మ కేన్సర్), ఏది కాదు? పీహెచ్‌సీకి పంపే చీటి మీద ఏం రాయాలె? తెలిసినోళ్ళు వివరంగ చెప్పుండ్రి, ఆశ అక్కలకు చదివి వినిపియ్యాలె.

చర్మం_పాలమూరు | 2

నాలుగు వారాలు దాటినా మానని పుండు, మానినట్టే మాని అదే చోట మళ్ళీ పగిలే పుండు, ఈ రెండింట్లో ఏది కనబడినా పంపండి. పేరు మీరు తేల్చాల్సిన పని లేదు.

చూసే పద్ధతి మాత్రం నేర్చుకోవాలి. పక్కు మీద నుంచి చూస్తే ఏమీ తెలియదు. సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డ ఐదు నిమిషాలు దాని మీద ఉంచండి, పక్కు మెత్తబడి దానంతటదే వస్తుంది. గోరుతో పీకొద్దు. తరవాత రెండు వేళ్ళతో చర్మాన్ని అటూ ఇటూ సాగదీసి, టార్చి లైటు పక్క నుంచి కొట్టండి, ఎదురుగా కాదు. బేసల్ సెల్ అయితే చుట్టూ ఉబ్బెత్తు గట్టు కనబడుతుంది. ఉడికిన సగ్గుబియ్యం గింజ ఎట్లా సగం పారదర్శకంగా మెరుస్తుందో ఆ గట్టు అట్లా మెరుస్తుంది. దాని మీద సన్నటి ఎర్ర నరాలు, చెట్టు కొమ్మల్లాగా చీలుతూ పోతాయి. నడుమ గుంట.

పుస్తకాల్లో బొమ్మలన్నీ తెల్లవాళ్ళ చర్మం మీదివి, గులాబి రంగు ముత్యంలా ఉంటుంది. మన చర్మం మీద సగానికి పైగా నల్లరంగువే. అందుకే పుట్టుమచ్చ అనుకుంటారు. యాభై దాటాక ముఖం మీద కొత్తగా వచ్చిన "పుట్టుమచ్చ" పుట్టుమచ్చ కాదని అనుమానించడమే మంచిది.

చోటు కూడా సాక్ష్యమే. నోటి మూల నుంచి చెవి తమ్మె దాకా ఒక గీత ఊహించుకోండి, ఎక్కువ భాగం ఆ గీతకు పైనే వస్తాయి: ముక్కు, ముక్కు పక్క మడత, కంటి లోపలి కొస, కింది రెప్ప, కణత. సుమారు 80 శాతం తల, మెడ మీదే.

పెరుగుదల నిదానం, ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు. నొప్పి ఉండదు. పదేళ్ళు దాచుకోవడానికి ఇంతకంటే అనువైన జబ్బు లేదు.

స్లైడ్_కింద | 3

పై పోస్టుకు కొనసాగింపుగా, పొరపాటు పడేవి కొన్ని.

వయసు మీద వచ్చే సెబోరిక్ కెరటోసిస్: గోధుమ, నలుపు రంగు, గరుకు, కొవ్వొత్తి మైనం చుక్క అంటించినట్టు ఉంటుంది. గోకితే తప్ప నెత్తురు రాదు. ప్రమాదం లేదు.

చర్మ క్షయ: బుగ్గ మీద, ముక్కు మీద ఎర్రటి పట్టీ, ఒక పక్క మచ్చ కడుతూ ఇంకో పక్క పాకుతూ ఏళ్ళు నడుస్తుంది. గాజు స్లైడుతో అదిమి చూస్తే లోపల గోధుమ-పసుపు చుక్కలు కనబడతాయి. మన దగ్గర దీన్ని మరవకూడదు.

స్క్వామస్ సెల్ కార్సినోమా, ఇంకో రకం చర్మ కేన్సర్: వారాలు, నెలల్లో పెరుగుతుంది, గట్టిగా ఉంటుంది. కింది పెదవి, పాత కాలిన మచ్చ దీనికి ఇష్టమైన చోట్లు. ఇది గ్రంథులకు పాకుతుంది, దీనికి ఆగే సమయం లేదు.

మెలనోమా (రంగు కణాల కేన్సర్) మనవాళ్ళకు ముఖం కంటే అరికాలు, గోటి కింద ఎక్కువ.

బేసల్ సెల్ శరీరంలో వేరే చోటికి పాకడం అత్యంత అరుదు, ఏ లెక్క తీసుకున్నా 0.55 శాతం లోపే. చేసే నష్టమంతా ఉన్నచోటే: చర్మం, మృదులాస్థి, ఎముక, కంటి గూడు. 1827లో డబ్లిన్ కంటి డాక్టర్ ఆర్థర్ జాకబ్ దీన్ని రాసినప్పుడు కనురెప్పలనే చూపించారు. తరవాత చాలాకాలం ఇంగ్లీషు డాక్టర్లు "ఎలుక కొరికే పుండు" అన్నారు. సరిపోయే పేరే.

ఉపకేంద్రం_దేవరకొండ | 4

సార్, కాల్పిచ్చుకున్నంక వచ్చెటోళ్ళ సంగతేంది? పైన మంచిగ మానినట్టే కొడతది. ఇంక కొందరు జిల్లేడు పాలు పెడతరు, సున్నం సోడా కలిపి ముద్ద పెడతరు.

చర్మం_పాలమూరు | 5

ఈ చర్చలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే.

కాటరీ మిషన్ గానీ, సున్నం-సోడా ముద్ద గానీ పైన కనబడేదాన్ని మాత్రమే కాలుస్తుంది. కణితి కింద వేళ్ళలాగా పాకి ఉంటుంది, ముఖ్యంగా గట్టి మచ్చలా ఉండే మార్ఫియా రకంలో కంటికి కనబడేదానికి లోపల ఉన్నదానికి పొంతన ఉండదు. కాల్చాక పైన మచ్చ కడుతుంది. ఆ మచ్చ కింద అది పెరుగుతూ ఉంటుంది, రెండు మూడేళ్ళకు పైకొచ్చేసరికి అంచు ఎక్కడో సర్జన్‌కు కూడా దొరకదు. పైగా కాల్చింది బూడిద. పరీక్షకు పంపడానికి ముక్క లేదు, అదేమిటో ఎప్పటికీ తెలియదు.

తమాషా ఏమిటంటే 1930లలో అమెరికాలో ఫ్రెడరిక్ మోస్ మొదలుపెట్టిన పద్ధతిలో కూడా మందు ముద్ద ఉంది, జింక్ క్లోరైడ్. తేడా ఏమిటంటే ముద్ద పెట్టి పొరను గట్టిపరిచి, ఆ పొరను కోసి, అంచంతా మైక్రోస్కోపు కింద చూసేవారు. కణితి మిగిలిన వైపే ఇంకో పొర తీసేవారు. నయం చేసింది ముద్ద కాదు, మైక్రోస్కోపు.

ఇంకోటి, స్టెరాయిడ్ క్రీము. పక్కు రాలుతుంది, ఎరుపు తగ్గుతుంది, "తగ్గుముఖం పట్టింది" అనుకుంటారు. కణితికి దాంతో ఏమీ కాదు. నెల రోజులు పోగొట్టుకున్నట్టే.

మందులషాపు_మిర్యాలగూడ | 6

స్టెరాయిడ్ క్రీములు షెడ్యూల్ హెచ్, చీటీ లేనిదే అమ్మొద్దు. అమ్ముడు మాత్రం అమ్ముతనే ఉన్నరు, అది వేరే లొల్లి. "ముఖం మీద పుండు, ఏదన్న ట్యూబు ఇయ్యి" అని వస్తే, ఎన్ని రోజుల నుంచని అడుగుడు మన పని. నెల దాటిందంటే ట్యూబు ఇయ్యొద్దు.

స్లైడ్_కింద | 7

ముక్క తీయడం (బయాప్సీ) పీహెచ్‌సీలో కూడా సాధ్యమే, మెడికల్ ఆఫీసర్‌కు చెయ్యి అలవాటుంటే. కంటి రెప్పకు, కంటి కొసకు మాత్రం ముట్టుకోకుండా పై ఆసుపత్రికి పంపాలి. ల్యాబుకు పనికిరాకుండా పోయే ముక్కల్లో తప్పు ఎక్కువసార్లు తీసినప్పుడో, డబ్బాలో వేసినప్పుడో జరిగిపోతుంది. అందుకే వరసగా రాస్తున్నాను.

మొద్దుబార్చడానికి 2 శాతం లిగ్నోకెయిన్, అడ్రినలిన్ 1:2,00,000 కలిసినది. ముఖం మీద 1 నుంచి 2 మి.లీ. చాలు. గరిష్ఠం కిలోకు 7 మి.గ్రా. అంటే 60 కిలోల మనిషికి 420 మి.గ్రా., 21 మి.లీ. అంత దూరం పోయే అవసరమే రాదు. ఇచ్చిన వెంటనే కోయొద్దు, పది నిమిషాలు ఆగితే నెత్తురు సగానికి సగం తగ్గుతుంది.

పంచ్ (గుండ్రంగా కోసే పనిముట్టు) 3 లేదా 4 మి.మీ. నడుమ గుంటలో పెట్టొద్దు. అక్కడ ఉండేది చచ్చిన కణాలు, చీము. మెరిసే గట్టు మీద పెట్టండి. కొవ్వు కనబడే లోతు దాకా తిప్పండి. పైపైన గీకి పంపితే "అసంపూర్ణ నమూనా" అని రాయడం తప్ప నేను చేయగలిగింది లేదు. ముక్కను పళ్ళున్న ఫోర్సెప్స్‌తో నొక్కితే కణాలన్నీ నలిగి నీలం గీతలవుతాయి. ఇంజక్షన్ సూది మొనతో లేపి, అడుగున కత్తిరించండి. తరవాత గాజుగుడ్డతో ఐదు నుంచి పది నిమిషాలు గడియారం చూసి అదిమితే చాలు, అవసరమైతే ఒక కుట్టు.

డబ్బాలో 10 శాతం ఫార్మలిన్. సీసాలో వచ్చే గాఢ ఫార్మలిన్ ఒక పాలు, నీళ్ళు తొమ్మిది పాళ్ళు, బఫర్ కలిపినది. ముక్క పరిమాణానికి కనీసం పది రెట్లు ద్రవం ఉండాలి. సెలైన్‌లో వేసి పంపితే దారిలోనే కుళ్ళుతుంది, మే నెలలో అయితే మధ్యాహ్నానికే. స్పిరిట్‌లో వేస్తే ముడుచుకుపోయి గట్టిపడుతుంది. మూత బిగించాక డబ్బాను ఒకసారి వంచి చూడండి, ముక్క ద్రవంలో మునిగి ఉందా, మూతకు అంటుకుని ఎండుతోందా.

పేరు, చోటు, తేదీ డబ్బా మీద రాయాలి. మూత మీద రాయొద్దు. ల్యాబులో పది డబ్బాల మూతలు ఒకేసారి తీస్తారు.

ఉపకేంద్రం_దేవరకొండ | 8

కత్తి తగిలితే కేన్సర్ పాకుతదని ఊర్లె అందరి భయం. ముక్క తీయనిస్తలేరు.

చర్మం_పాలమూరు | 9

బేసల్ సెల్‌కు ఆ భయం అక్కర్లేదు. ఈ కణాలు బతకాలంటే చుట్టూ ఉన్న తమ సొంత కణజాలం కావాలి, విడిపోయి వేరేచోట వేళ్ళూనుకోవడం వాటికి చేతకాదు. వేరే చోటికి పాకడం అంత అరుదు అని పైన చెప్పిన లెక్కకు ఇదొక కారణం. ఇంట్లోవాళ్ళతో మాట్లాడేటప్పుడు "కేన్సర్" అనే మాట దాచొద్దు, కానీ దాని వెంటనే "ప్రాణం తీసే రకం కాదు, ముక్కు, కన్ను తినే రకం, చిన్నగా ఉన్నప్పుడు తీస్తే అయిపోతుంది" అని పూర్తిగా చెప్పండి. సగం చెబితే ఆసుపత్రికే రారు.

కుట్టు_ముడి | 10

ప్లాస్టిక్ సర్జరీ వైపు నుంచి. ముక్క పరీక్ష లేకుండా నేరుగా మొత్తం తీసేయమని పంపేవాళ్ళున్నారు. చిన్నది, వీపు మీద, గుర్తులన్నీ స్పష్టం, అయితే సరే. ముఖం మధ్యలో మాత్రం రిపోర్టు ముందు కావాలి. రకాన్ని బట్టి కోత మారుతుంది.

2 సెం.మీ. లోపు ఉన్న, అంచు స్పష్టంగా ఉన్న మామూలు గడ్డ రకానికి చుట్టూ 4 మి.మీ. మంచి చర్మం కలిపి తీస్తే 95 శాతం కేసుల్లో అంచు శుభ్రంగా వస్తుంది. 3 మి.మీ. తీస్తే 85 శాతమే. ఆ ఒక్క మిల్లీమీటరు దగ్గర పీనాసితనం చేసే చోటు ముక్కు. మార్ఫియా రకానికి 4 మి.మీ. అసలు సరిపోదు. 5 మి.మీ. తీసినా ఐదుగురిలో ఒకరికి దగ్గర దగ్గర మిగిలిపోతుంది.

ఇంటివాళ్ళకు లెక్క ముందే చెప్పాలి. 10 మి.మీ. గడ్డ, అటు 4, ఇటు 4, వెడల్పు 18 మి.మీ. కన్ను ఆకారంలో కోసి చివరలు ఉబ్బకుండా కుట్టాలంటే పొడవు వెడల్పుకు మూడింతలు, 54 మి.మీ. "శనగగింజంత దానికి రెండంగుళాల కోతనా" అని గొడవ వచ్చేది ఇక్కడే. లోతు కొవ్వు దాకా, ముక్కు మీద మృదులాస్థి పైపొర దాకా.

గీత గీసేది లిగ్నోకెయిన్ ఇవ్వకముందు, జెన్షన్ వయొలెట్‌తో. మందు పోసాక చర్మం ఉబ్బి తెల్లబడుతుంది, అంచు మాయమవుతుంది. తీసిన ముక్కకు పైవైపు, గడియారంలో 12 ఉండేచోట, ఒక సిల్క్ కుట్టు వేసి పంపాలి. అది లేకపోతే "ఒక అంచున కణితి ఉంది" అని రిపోర్టు వస్తుంది. ఏ అంచు? నాలుగు వైపులా మళ్ళీ కోయాల్సిందే.

ముఖం కుట్లకు సన్నటి దారం, 5-0, 6-0 నైలాన్, ఐదు నుంచి ఏడు రోజులకు తీసేయాలి. పదిహేను రోజులుంచితే నిచ్చెన మెట్ల మచ్చ పడుతుంది. ఆస్పిరిన్ లాంటి గుండె మాత్రలు ఇంత చిన్న ఆపరేషన్‌కు ఎవరూ సొంతంగా ఆపొద్దు. ఆపితే వచ్చే ముప్పు నెత్తురు కారడం కంటే పెద్దది.

స్లైడ్_కింద | 11

"అంచు శుభ్రం" అన్న మాటకు అర్థం చెప్పాలి, డాక్టర్లు కూడా దీన్ని ఎక్కువ నమ్ముతారు. మామూలు ల్యాబులో ముక్కను రొట్టె కోసినట్టు 2, 3 మి.మీ.కు ఒకచోట కోస్తాం. ఒక్కో స్లైడు మీద ఉండేది 4, 5 మైక్రాన్ల పొర (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). లెక్కేస్తే మొత్తం అంచులో మేం చూసేది 1 శాతం కూడా కాదు. మధ్యలో సన్నటి వేరు ఒకటి తప్పించుకుంటే మాకు కనబడదు. మోస్ పద్ధతిలో ముక్కను గిన్నెలా పరిచి అంచు మొత్తాన్ని ఒకే తలంలో కోస్తారు కాబట్టి అంచంతా చూస్తారు.

నెదర్లాండ్స్‌లో ముఖం మీది బేసల్ సెల్ కేసులను రెండు పద్ధతుల్లో చేసి పదేళ్ళు వెంట ఉండి చూశారు. మొదటిసారి వచ్చినవాటిలో మామూలు కోతకు 12.2 శాతం తిరగబెట్టాయి, మోస్‌కు 4.4. ఒకసారి తిరగబెట్టి వచ్చినవాటిలో 13.5, 3.9.

కుట్టు_ముడి | 12

మోస్ ప్రతి ఊర్లో దొరకదు, నల్లగొండలో కూర్చుని దాని కోసం ఎదురుచూస్తూ ఆపరేషన్ వాయిదా వేయడం తప్పు. దానికి దగ్గరి దారి ఉంది: తీసి, కుట్టకుండా డ్రెస్సింగు వేసి, రిపోర్టు వచ్చాక మూయడం. వారం పది రోజులు పుండు తెరిచి ఉంటుంది, సెలైన్, వాసెలిన్ గాజుగుడ్డతో తడిగా ఉంచితే ఏమీ కాదు. ఇంటివాళ్ళకు కష్టంగా ఉంటుంది, ఒప్పించాలి. అంచు తేలకముందే చర్మం తిప్పి మూశారంటే, మిగిలిన కణితిని మంచి చర్మం కింద పాతిపెట్టినట్టు.

ముక్కు కొన పెద్దగా పోతే నుదుటి చర్మాన్ని దాని రక్తనాళంతో సహా కిందికి తిప్పి, మూడు వారాలకు కాడ కోస్తాం. ఈ పద్ధతికి ప్రపంచమంతా "ఇండియన్ మెథడ్" అనే పేరు. పుణెలో జరిగిన ఇట్లాంటి ఆపరేషన్ 1794లో లండన్ పత్రికలో అచ్చయ్యాకే యూరప్ డాక్టర్లు దీన్ని చేపట్టారు. ఆ మూడు వారాలూ నుదురు నుంచి ముక్కుకు ఒక తొండంలా వేలాడుతూ ఉంటుంది. ఫోటో ముందే చూపించకపోతే అద్దం చూసుకుని బెదిరిపోతారు.

రెప్ప_డాక్టర్ | 13

కంటి వైపు రెండు మాటలు. కింది రెప్ప మీద, లోపలి కొసన గడ్డ ఉండి అక్కడి రెప్ప వెంట్రుకలు రాలిపోయి ఉంటే అది మామూలు కురుపు కాదు. లోపలి కొసది కంటి గూట్లోకి దిగే దారి చాలా దగ్గర. కన్ను కదలకపోయినా, రెండుగా కనబడుతున్నా కోతకు ముందే ఎమ్మారై.

పై రెప్ప మీద ఒకేచోట మళ్ళీ మళ్ళీ వచ్చే "కంటి కురుపు" అయితే నేను భయపడేది బేసల్ సెల్‌కు కాదు, సెబేషియస్ కార్సినోమాకు, అంటే రెప్పలోని నూనె గ్రంథుల కేన్సర్‌కు. తెల్లవాళ్ళతో పోలిస్తే మన దేశంలో రెప్ప కేన్సర్లలో దాని వాటా చాలా ఎక్కువ. అది చెవి ముందరి గ్రంథికి పాకుతుంది, ప్రాణం మీదికి తెస్తుంది. నలభై దాటినవాళ్ళకు రెండోసారి అదే చోట కురుపు వస్తే, గీకి పారేయకుండా గీకిందాన్ని ఫార్మలిన్‌లో పంపాలి.

మందులషాపు_మిర్యాలగూడ | 14

ఆపరేషన్ లేకుండ క్రీముతోని పోతదా అని అడుగుతరు. ఇమిక్విమాడ్ 5 శాతం గురించి తప్పుడు సమాచారం చాలా తిరుగుతున్నది, డాక్టర్లెవరన్న రాయండి.

చర్మం_పాలమూరు | 15

ఒక్క రకానికే: వీపు, ఛాతీ, చేతుల మీద పల్చటి ఎర్ర పట్టీలా ఉండే పైపొర రకం, అదీ బయాప్సీలో తేలినప్పుడు, 2 సెం.మీ. లోపు. వారానికి ఐదు రాత్రులు, ఆరు వారాలు. పట్టీ, దాని చుట్టూ 1 సెం.మీ. పూసి, ఎనిమిది గంటల తరవాత సబ్బుతో కడగాలి. రెండో వారానికి ఎర్రబడి, ఒరిసి, పక్కు కట్టాలి. అది మందు పనిచేస్తున్న గుర్తు, అలర్జీ అనుకుని ఆపేస్తారు. మరీ పచ్చిపుండయితే కొన్ని రోజులు ఆపి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. బ్రిటన్‌లో ఆపరేషన్‌తో పోల్చి చూస్తే ఐదేళ్ళకు క్రీముకు 82.5 శాతం, ఆపరేషన్‌కు 97.7 శాతం నిలిచాయి. ముక్కు మీది గడ్డకు, నల్లటి లోతు గడ్డకు పూయడం కాలయాపన. 25 డిగ్రీల లోపు పెట్టాల్సిన మందు, మన ఎండాకాలంలో కిటికీలో పెడితే డబ్బు నీళ్ళపాలు.

ద్రవ నత్రజనితో గడ్డకట్టించడం కూడా ఈ చిన్నవాటికే. గడ్డకట్టించి, పూర్తిగా కరగనిచ్చి, రెండోసారి. పశువుల ఆసుపత్రిలో వీర్యం స్ట్రాలు దాచే కంటెయినర్‌లో ఉండేదీ అదే ద్రవం, మైనస్ 196 డిగ్రీలు. ఇది చదివి ఎవరూ అక్కడికి పోకండి.

కరెంటు_గది | 16

"కరెంటు (రేడియేషన్) పెట్టిస్తే పోదా" అని అడిగేవాళ్ళకు: పోతుంది. ఎనభై ఏళ్ళ మనిషి, గుండె జబ్బు, ముక్కు మొత్తం పట్టిన కణితి, కోత పడనివ్వరు, ఇట్లాంటివాళ్ళకు రేడియేషన్ మంచి దారి. వాడుకలో ఉన్న ఒక లెక్క 55 గ్రే (రేడియేషన్ మోతాదు కొలత), 20 విడతలు, వారానికి ఐదు రోజుల చొప్పున నాలుగు వారాలు. రాలేనివాళ్ళకు 45 గ్రే పది విడతల్లో. దేవరకొండ నుంచి రోజూ రావడం పోవడం కాదు కాబట్టి హైదరాబాద్‌లో ఉండే ఏర్పాటు ముందే చూసుకోవాలి. చికిత్స మధ్యలో పండక్కు వెళ్ళి వారం ఎగ్గొడితే లెక్కంతా తప్పుతుంది.

అరవై లోపువాళ్ళకు వీలైనంత వరకు వద్దంటాం. కోత మచ్చ ఏళ్ళు గడిచేకొద్దీ మెరుగవుతుంది, రేడియేషన్ మచ్చ తెల్లబడి, పల్చబడి ముదురుతుంది. పైగా పదిహేను ఇరవై ఏళ్ళకు అదే చోట కొత్త కేన్సర్ రావచ్చు. అస్సలు పెట్టకూడనివాళ్ళు ఇద్దరు: పుట్టుకతో వచ్చే గోర్లిన్ సిండ్రోమ్, జీరోడెర్మా పిగ్మెంటోసమ్ ఉన్నవాళ్ళు.

కోతకూ కరెంటుకూ లొంగని పెద్ద కేసులకు విస్మోడెగిబ్ మాత్ర, రోజుకు 150 మి.గ్రా. కణాలను పెరగమని చెప్పే, కణితిలో చెడిపోయి ఉండే హెడ్జ్‌హాగ్ సంకేతాన్ని ఆపుతుంది. నాలుక రుచి పోతుంది, కండరాలు పట్టేస్తాయి, జుట్టు రాలుతుంది. కడుపులో బిడ్డకు ఘోరమైన హాని చేస్తుంది. ఆపిన తరవాత కూడా రెండేళ్ళు గర్భం రాకూడదు.

ఉపకేంద్రం_దేవరకొండ | 17

సార్ చెప్పిన గోర్లిన్, జీరోడెర్మా, ఈ రెండు జబ్బుల గురించి ఇంకొంచెం చెప్పుండ్రి. చిన్నపిల్లల్ల గిట్ల రావచ్చా?

చర్మం_పాలమూరు | 18

గోర్లిన్: ఇరవై ముప్పై ఏళ్ళకే ఒకటి కాదు, పదులకొద్దీ బేసల్ సెల్ గడ్డలు. అరచేతిలో సూదితో గుచ్చినట్టు చిన్న గుంటలు, దవడ ఎముకలో తిత్తులు. దవడ తిత్తితో పంటి డాక్టర్ దగ్గరికి ముందు పోతారు కాబట్టి వాళ్ళకు తెలియడం ముఖ్యం. అమ్మానాన్నల్లో ఒకరికి ఉంటే బిడ్డకు సగానికి సగం అవకాశం.

జీరోడెర్మా మీరు ఊళ్ళో ఎక్కువగా పట్టుకోగలిగేది. రెండేళ్ళ లోపు పాపకు ఎండ తగిలే చోటల్లా, ముఖం, చేతుల మీద నల్ల చుక్కలు. వెలుతురు చూడలేదు, కళ్ళు మూసుకుంటుంది. పదేళ్ళు నిండకముందే చర్మ కేన్సర్లు మొదలవుతాయి. ఎండ వల్ల చెడిన డీఎన్‌ఏను బాగుచేసే యంత్రాంగం పుట్టుకతోనే లేదు. తల్లిదండ్రులిద్దరూ ఒక్కో చెడ్డ జన్యువు మోస్తుంటే ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు. మేనరికాలున్న ఇళ్ళలో ఇది ఎందుకు ఎక్కువో వేరే చెప్పక్కర్లేదు. మొదటి బిడ్డకు ఉంటే రెండో కాన్పుకు ముందే జన్యు సలహా. పాపకు పగలు పొడుగు చేతుల చొక్కా, పక్కలు కూడా మూసే కళ్ళద్దాలు, కిటికీలకు యూవీ ఫిల్మ్, బడిలో కిటికీకి దూరంగా బల్ల, డాక్టర్ చెప్పిన మోతాదులో విటమిన్ డి.

చర్మం, జుట్టు పుట్టుకతోనే తెల్లగా ఉండే ఆల్బినిజం వాళ్ళకు కూడా ముప్పు ఎక్కువ. దాన్ని బొల్లితో కలపొద్దు. బొల్లి ఉన్నవాళ్ళకు చర్మ కేన్సర్ ఎక్కువ రాదు.

నీళ్ళ_పరీక్ష | 19

ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి ముందే: నల్లగొండ ఫ్లోరైడ్‌కు ఈ పుండుకు సంబంధం లేదు. ఫ్లోరైడ్ పట్టేది పళ్ళను, ఎముకలను. నీళ్ళలో చర్మ కేన్సర్ తెచ్చేది ఆర్సెనిక్. దానికి పరిమితి లీటరుకు 0.01 మి.గ్రా., ఫ్లోరైడ్‌కు వాంఛనీయం 1, గరిష్ఠం 1.5. ఫ్లోరైడ్ కిట్‌తో ఆర్సెనిక్ తెలియదు, పరీక్ష వేరు.

చర్మం_పాలమూరు | 20

నిజం. ఆర్సెనిక్‌వి బట్టల కింద, వీపు, పొట్ట మీద ఒకటికి మించి వస్తాయి, అరచేతుల్లో గట్టి ఆనెలు ఉంటాయి. అట్లా కనిపిస్తే నీళ్ళ కంటే ముందు, ఏళ్ళ తరబడి పాషాణం (ఆర్సెనిక్) కలిసిన నాటు భస్మాలు తిన్నారా అని అడగండి.

ఎండ సంగతి కూడా. తలకు కట్టే రుమాలు నెత్తిని కాపాడుతుంది, ముక్కు, బుగ్గలు బయటే. బత్తాయి తోటలో, ఉపాధి పనిలో 7, 8 సెం.మీ. అంచున్న టోపీ నయం. సన్‌స్క్రీన్ అందరికీ రుద్దమని నేను చెప్పను, మన చర్మంలోని మెలనిన్ ఆ పని చాలావరకు చేస్తుంది. ఒకసారి బేసల్ సెల్ వచ్చినవాళ్ళు, ఆల్బినిజం, జీరోడెర్మా, కిడ్నీ మార్పిడి అయినవాళ్ళు, వీళ్ళకు మాత్రం తప్పనిసరి. మోతాదు ముఖానికీ మెడకూ రెండు వేళ్ళ పొడవునా గీత, రెండు గంటలకోసారి.

కుట్టు_ముడి | 21

పంపే దారి: నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో చర్మం, సర్జరీ ఓపీలు ఉన్నాయి. బయాప్సీ, చిన్న కోతలు అక్కడే అయిపోతాయి. రేడియేషన్ కావాలంటే రెడ్ హిల్స్‌లోని ఎంఎన్‌జే కేన్సర్ ఆసుపత్రి, రెప్పకు మెహిదీపట్నం సరోజినీదేవి. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి, కార్డు సంగతి అక్కడి జనానికి కొత్తగా చెప్పక్కర్లేదు. వివరాలకు 104. బయాప్సీ రిపోర్టు లేకుండా కేన్సర్ ప్యాకేజీకి అనుమతి అడగలేరు, కాల్చి బూడిద చేస్తే ఇక్కడ కూడా దెబ్బే. రిపోర్టు కాగితంతో పాటు ల్యాబు నుంచి స్లైడ్లు, ముక్కను పోసి ఉంచిన మైనం బ్లాకు అడిగి తీసుకెళ్ళండి. బ్లాకును ఎండలో బండి డిక్కీలో పెట్టొద్దు, కరుగుతుంది.

ఆపరేషన్ అయ్యాక మొదటి మూడేళ్ళు ఆరు నెలలకోసారి చూడాలి. తిరగబెట్టేవాటిలో మూడింట రెండు వంతులు ఆ మూడేళ్ళలోనే వస్తాయి, కొన్ని ఐదేళ్ళు దాటాక కూడా. మచ్చ మీద వేలు పెట్టి తడమండి. కంటికి కనబడని గట్టిదనం వేలికి తగులుతుంది.

ఉపకేంద్రం_దేవరకొండ | 22

చీటి ఇట్ల రాసుకున్న, తప్పుంటే దిద్దుండ్రి: ఎన్ని నెలలాయె. సరిగ్గ ఏ చోట, ఎడమనా కుడినా. పక్కు తీసినంక పొడవు, వెడల్పు మిల్లీమీటర్లల్ల. అంచు మెరుస్తున్నదా. నెత్తురు, రెప్ప వెంట్రుకలు. మెడల, చెవి ముందర గడ్డలు. నెత్తురు పల్చబడే మాత్రలు. సెల్‌ఫోన్ ఫోటో, పక్కన స్కేలు పెట్టి.

స్లైడ్_కింద | 23

ఒకటి తప్పింది. ఇంతకు ముందు ఏం చేశారు: కాటరీ, సున్నం, ఏ ట్యూబు, ఎన్నిసార్లు. ముందే కాల్చిన చోటి నుంచి వచ్చిన ముక్కలో మచ్చ, కణితి కలిసి ఉంటాయి. ఆ సంగతి తెలియకుండా చూస్తే మామూలు రకాన్ని కూడా మార్ఫియా అని చదివే ప్రమాదం ఉంది, దాని మీద కోత పెద్దదవుతుంది. ఆ వరస చీటీలో అన్నిటికంటే పైన పెట్టండి. ఫోటో ముక్క తీయకముందు తీయాలి, తీశాక కాదు.

ఉపకేంద్రం_దేవరకొండ | 24

పైననే రాసిన సార్. డబ్బా మీద పేరు కూడ, మూత మీద కాదు.